కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం: లోపలి కేబుళ్లకు వయసు మీద పడితే ఏమవుతుంది? దాన్ని ఎలా కనిపెడతారు?

కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రం గురించి ఎప్పుడు చర్చ వచ్చినా ప్రశ్నలు ఇంచుమించు అవే ఉంటాయి. రేడియేషన్ సంగతేమిటి? భూములు ఇచ్చినవాళ్లకు పరిహారం సరిగ్గా అందిందా? వేడి నీళ్లు సముద్రంలోకి వదిలితే చేపల వేట ఏమవుతుంది? ఇవన్నీ అడగాల్సినవే. పెద్దగా ఎవరూ అడగనిది ఇంకొకటి ఉంది. రియాక్టరు భవనం లోపల వేసే కరెంటు కేబుళ్లు ఎన్నేళ్లు నిలుస్తాయి? అవి పాడవుతున్నాయని ఎవరు, ఎలా చూస్తారు?

వైర్లదేముంది, పాడైతే మారుస్తారు కదా అనిపించవచ్చు. కానీ మన దేశ అణు విద్యుత్ చరిత్రలో అత్యంత తీవ్రమైన ఘటనల్లో ఒకటి అంత దూరం వెళ్లడానికి కారణం కేబుళ్లే. ఆ సంగతి కాసేపట్లో చూద్దాం.

కొవ్వాడ ఇప్పుడు ఎక్కడ ఉంది?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కొవ్వాడ. ఇక్కడ ముందుగా జీఈ-హిటాచీ రియాక్టర్లు పెట్టాలని అనుకున్నారు. తర్వాత, గుజరాత్‌లోని మిఠీవిర్దిలో రావాల్సిన అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లను కొవ్వాడకు మార్చారు. ఒక్కొక్కటి 1208 మెగావాట్ల సామర్థ్యం ఉన్న ఏపీ-1000 రకం రియాక్టర్లు ఆరు. కట్టేది, నడిపేది కేంద్ర ప్రభుత్వ సంస్థ న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్, అంటే ఎన్‌పీసీఐఎల్. సూత్రప్రాయ ఆమోదం ఉంది, భూసేకరణ జరిగింది. రియాక్టరు పునాది మాత్రం ఇంకా పడలేదు.

రాజాం నుంచి కొవ్వాడకు తిన్నగా గీత గీస్తే నలభై కిలోమీటర్ల లోపే. రాజాం 2022 ఏప్రిల్‌లో విజయనగరం జిల్లాలోకి మారింది కాబట్టి కాగితం మీద కొవ్వాడ ఇప్పుడు పక్క జిల్లా వ్యవహారం. అణు కేంద్రాల చుట్టూ అత్యవసర ప్రణాళిక వేసే 16 కిలోమీటర్ల పరిధిలోకి కూడా రాజాం రాదు. అలాగని అక్కడ జరిగేదానితో రాజాం వాళ్లకు పని లేదని అనుకోలేం. ఈ రియాక్టర్లను 60 ఏళ్లు నడిచేలా డిజైన్ చేశారు. ఇవాళ స్కూల్లో చదువుతున్న పిల్లలు తాతలయ్యేదాకా అన్నమాట.

ఒక అణు కేంద్రంలో ఎంత కేబుల్ ఉంటుంది?

ఒక్కో పెద్ద రియాక్టరు యూనిట్‌లో వేసే కేబుళ్లన్నీ కలిపితే వెయ్యి కిలోమీటర్లు దాటవచ్చు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా మన కోస్తాను ఊహించుకోండి, ఇంచుమించు అంత. పంపులకు, మోటార్లకు కరెంటు ఇచ్చే పవర్ కేబుళ్లు లావుగా ఉంటాయి కానీ సంఖ్యలో తక్కువ. వాల్వును తెరువు, మూయి అని ఆదేశం మోసుకెళ్లేవి కంట్రోల్ కేబుళ్లు. రియాక్టరు లోపల వేడి ఎంత, పీడనం ఎంత, న్యూట్రాన్ల జోరు ఎంత అని కంట్రోల్ రూముకు చెప్పేవి ఇన్‌స్ట్రుమెంట్ కేబుళ్లు. ఆపరేటర్‌కు ఇవే కళ్లూ చెవులూ.

కేబుల్ లోపలి రాగి తీగకు మామూలు పరిస్థితుల్లో ఏమీ కాదు. వయసు మీద పడేది దాని చుట్టూ ఉండే ఇన్సులేషన్‌కు, ఆ పైన ఉండే తొడుగుకు. అవి పీవీసీ కావచ్చు, క్రాస్‌లింక్డ్ పాలిథిలీన్ కావచ్చు, ఇథిలీన్ ప్రొపిలీన్ రబ్బరు కావచ్చు. పేరేదైనా అన్నీ పాలిమర్లే. ఇంట్లో గీజరు పక్క నుంచి వెళ్లే వైరును పదేళ్ల తర్వాత వంచి చూడండి. కొత్తలో మెత్తగా ఉన్నది కర్రలా బిగుసుకుపోయి ఉంటుంది, కొన్నిసార్లు వంచగానే పగులుతుంది. అణు కేంద్రంలో జరిగేది కూడా ఇదే, కాకపోతే అక్కడ వేడికి రేడియేషన్ తోడవుతుంది.

నరోరాలో ఏం జరిగింది?

ఉత్తరప్రదేశ్‌లో గంగ ఒడ్డున నరోరా అణు విద్యుత్ కేంద్రం ఉంది. 1993 మార్చి 31 తెల్లవారుజామున, మూడున్నర ప్రాంతంలో, మొదటి యూనిట్ టర్బైన్‌లో రెండు బ్లేడ్లు విరిగాయి. బ్లేడ్లు విరగగానే టర్బైన్ తూకం తప్పి విపరీతంగా కంపించింది. ఆ కుదుపుకు జనరేటర్‌ను చల్లబరిచే హైడ్రోజన్ వాయువు బయటికి తన్నుకొచ్చింది, నూనె పైపులు తెగాయి, మంటలు లేచాయి.

ఇంతవరకు అది టర్బైన్ హాల్లో అగ్నిప్రమాదం మాత్రమే. ఆపరేటర్లు నిమిషం లోపే రియాక్టరును ఆపేశారు. కానీ మంట కేబుల్ ట్రేల మీదికి పాకింది. మామూలు సరఫరా కేబుళ్లు, అది పోయినప్పుడు ఆదుకోవాల్సిన అత్యవసర సరఫరా కేబుళ్లు తగినంత దూరం లేకుండా, మధ్యలో మంటను ఆపే అడ్డుగోడలు లేకుండా వెళ్తున్నాయి. దాంతో రెండూ కాలిపోయాయి. డీజిల్ జనరేటర్లు ఉన్నా వాటి కరెంటు చేరాల్సిన చోటికి చేరలేదు. కంట్రోల్ రూము పొగతో నిండిపోయి సిబ్బంది బయటికి రావాల్సి వచ్చింది. సుమారు 17 గంటల పాటు ఆ యూనిట్‌కు కరెంటే లేదు.

ఆపేసిన రియాక్టరు కూడా వేడిని పుట్టిస్తూనే ఉంటుంది, దాన్ని చల్లబరుస్తూ ఉండాలి. సిబ్బంది డీజిల్‌తో నడిచే ఫైర్ పంపులతో స్టీమ్ జనరేటర్లలోకి నీళ్లు పంపారు. కొందరు బ్యాటరీ లైట్లు పట్టుకుని చీకట్లో రియాక్టరు భవనం పైకెక్కి, చేతులతో వాల్వులు తిప్పి, బోరాన్ ద్రావణాన్ని రియాక్టరులోకి వదిలారు. చర్య మళ్లీ మొదలవకుండా తీసుకున్న జాగ్రత్త అది. బయటికి రేడియేషన్ రాలేదు. అంతర్జాతీయ తీవ్రత స్కేలు మీద ఈ ఘటనకు 3వ స్థాయి ఇచ్చారు.

ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. నరోరా కేబుళ్లు ముసలివై పాడవలేదు. ఆ యూనిట్ అప్పటికి కొత్తదే. లోపం కేబుళ్లు వేసిన తీరులో ఉంది. అమెరికాలోని అలబామాలో 1975 మార్చి 22న బ్రౌన్స్ ఫెర్రీ కేంద్రంలో జరిగింది కూడా అలాంటిదే. గోడలోంచి కేబుళ్లు వెళ్లే రంధ్రం దగ్గర గాలి లీకవుతోందా అని ఒక కార్మికుడు కొవ్వొత్తి పెట్టి చూస్తుంటే ఫోమ్ అంటుకుంది. 1,600కు పైగా కేబుళ్లు దెబ్బతిన్నాయి. ఈ రెండు ఘటనలూ చెప్పేది ఒకటే: పంపు చెడితే ఇంకో పంపు ఉంటుంది, కానీ చాలా కేబుళ్లు ఒకేసారి చెడితే రెండో పంపు ఉన్నా లేనట్టే.

వయసు సమస్య ఇక్కడే వస్తుంది. ఒక గదిలో ఉన్న కేబుళ్లన్నీ ఒకే ఏడాది వేసినవి, ఒకే రకం పాలిమర్‌వి, ఒకే వేడిలో ఉన్నవి అయితే అవన్నీ కలిసే ముసలివవుతాయి.

ఇవాళ బాగానే పనిచేస్తోంది కదా?

బాగానే పనిచేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఇన్సులేషన్ పెళుసుబారినా, ఎవరూ కదపనంత కాలం కేబుల్ కరెంటును మోస్తూనే ఉంటుంది. కానీ రియాక్టరు లోపల పైపు పగిలి వేడి ఆవిరి ఒక్కసారిగా భవనమంతా నిండిన రోజున, ఆ పెళుసు ఇన్సులేషన్ బీటలు తీస్తుంది. ఆ బీటల్లోకి తేమ దిగుతుంది. ఏ వాల్వు తెరుచుకోవాలో, ఏ మీటరు నిజం చెప్పాలో సరిగ్గా ఆ గంటలోనే కేబుల్ చేతులెత్తేస్తుంది. అందుకే నిపుణుల పరీక్షలన్నీ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: నలభయ్యో ఏట, అరవయ్యో ఏట పెను ప్రమాదం జరిగితే ఈ కేబుల్ ఆ రోజు పనిచేస్తుందా?

బిగించక ముందు చేసే పరీక్ష

అరవై ఏళ్లు ఆగి చూడలేరు కాబట్టి కేబుల్ నమూనాకు కృత్రిమంగా వయసు పెంచుతారు. ముందు ఓవెన్‌లో వారాల తరబడి వేడి చేస్తారు. తర్వాత కోబాల్ట్-60 గామా కిరణాలకు గురిచేస్తారు. ప్రమాదం నాటి మోతాదు కూడా కలిపి మొత్తం 2 మెగాగ్రేల దాకా ఇవ్వడం అమెరికాలో ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. మనిషి ప్రాణం తీయడానికి 4, 5 గ్రేలు చాలు. అంటే అంతకు సుమారు 4 లక్షల రెట్లు. ఆ పైన ప్రమాదాన్ని అనుకరిస్తూ వేడి ఆవిరి గదిలో పెడతారు. చివరికి దిమ్మ చుట్టూ చుట్టి, నీళ్లలో ముంచి, ఎక్కువ ఓల్టేజి ఇచ్చి చూస్తారు. అప్పటికీ నిలిస్తే పాసైనట్టు.

ఓవెన్‌లో ఎన్ని రోజులు పెట్టాలి? దీనికి ఒక మోటు లెక్క ఉంది. వేడి 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ పాలిమర్ ఆయుష్షు సగం అవుతుందని. కేబుల్ ఉండే చోట 50 డిగ్రీలు ఉంటుందనుకుందాం. ఓవెన్‌ను 130 డిగ్రీల్లో పెడితే తేడా 80 డిగ్రీలు, అంటే ఎనిమిదిసార్లు సగం చేయాలి. 256 రెట్ల వేగం. 60 ఏళ్ల వయసు 86 రోజుల్లో వచ్చేస్తుంది.

వినడానికి బాగుంది. కానీ ఆ పాలిమర్‌కు నిజంగా 10 డిగ్రీలకు కాకుండా 12 డిగ్రీలకు ఆయుష్షు సగం అవుతుందనుకోండి. అప్పుడు వేగం 256 రెట్లు కాదు, సుమారు 100 రెట్లే. అదే 86 రోజుల పరీక్ష 60 ఏళ్లకు బదులు 24 ఏళ్లకే సరిపోతుంది. రెండు డిగ్రీల తేడాతో 36 ఏళ్లు ఎగిరిపోయాయి! అందుకే కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్‌లో 'అరవై ఏళ్లు' అన్న అంకె కంటే ఆ అంకెకు వాడిన లెక్క ఏమిటన్నదే ముఖ్యం. మోటు లెక్కతో సరిపెట్టకుండా ప్రతి రకం పాలిమర్‌కూ విడిగా కొలిచిన విలువలు వాడాలి.

ప్రయోగశాలను మోసం చేసిన కేబుల్

అమెరికాలో సవానా రివర్ అనే చోట ప్రభుత్వ అణు రియాక్టర్లు ఉండేవి. అక్కడ పన్నెండేళ్లు వాడిన పాలిథిలీన్ కేబుళ్లు కొన్ని పెళుసుబారి కనిపించాయి. అవి ఉన్న చోట వేడి సగటున 43 డిగ్రీలే. అందిన రేడియేషన్ కూడా పరీక్షల్లో ఇచ్చే దాంట్లో చిన్న వంతు. లెక్క ప్రకారం చెక్కు చెదరకూడదు. శాండియా ప్రయోగశాల శాస్త్రవేత్తలు గిలెన్, క్లఫ్ దీని వెనక కారణాన్ని 1981లో వెలువరించారు.

పాలిమర్‌ను అసలు పాడుచేసేది రేడియేషన్ ఒక్కటే కాదు, దానితో కలిసి పనిచేసే ఆక్సిజన్. ప్రయోగశాలలో హడావుడిగా పెద్ద మోతాదు ఇస్తే ఆక్సిజన్ పై పొరలోనే ఖర్చయిపోతుంది, లోపలికి వెళ్లే వ్యవధి ఉండదు. పెద్ద మంట మీద వేసిన గారె పైన మాడి, లోపల పిండిపిండిగా ఉన్నట్టు. నిజం కేంద్రంలో మాత్రం సన్నని సెగ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆక్సిజన్ తీరిగ్గా లోపలి దాకా దిగుతుంది. అంటే మొత్తం మోతాదు ఒకటే అయినా నెమ్మదిగా అందినప్పుడే నష్టం ఎక్కువ. ఓవెన్ పరీక్ష పాసయింది కాబట్టి ఇక చూడక్కర్లేదు అనే ధీమాకు ఇది పెద్ద దెబ్బ. నడుస్తున్న కేంద్రంలో కేబుళ్లను గమనిస్తూ ఉండాలన్న ఆలోచన బలపడడానికి ఇలాంటి అనుభవాలే కారణం.

నడుస్తున్న కేంద్రంలో ఎలా చూస్తారు?

మొదటి పని నడవడం. రియాక్టరు ఆపినప్పుడు ఇంజినీర్లు కేబుల్ ట్రేల వెంట నడుస్తూ రంగు మారిందా, పైన బీటలు ఉన్నాయా, వేలితో నొక్కితే గట్టిగా ఉందా అని చూస్తారు. భవనం సగటు ఉష్ణోగ్రత చూసి సరిపెట్టుకోవడం ఇక్కడ పనికిరాదు. ఆవిరి పైపుకు జానెడు దూరంలో వెళ్లే రెండు మీటర్ల ముక్క మిగతా కేబుల్ కంటే ఎన్నో రెట్లు త్వరగా ముసలిదవుతుంది. వేటగాడు జాడ వెతికినట్టు ఆ వేడి చోట్లను వెతకాలి.

ఆ తర్వాత కొలతలు. ఇండెంటర్ అనే చిన్న పరికరంతో కేబుల్ తొడుగును సూదిమొనతో కొద్దిగా నొక్కి, ఎంత బలానికి ఎంత లోపలికి దిగిందో చూస్తారు. కేబుల్‌కు హాని ఉండదు, గట్టిదనం అంకెల్లో తెలుస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది సాగదీత పరీక్ష. ఇన్సులేషన్ ముక్కను తెగేదాకా లాగుతారు. కొత్తది తన పొడవుకు రెండు, మూడు రెట్లు అదనంగా సాగవచ్చు. 50 శాతం కూడా సాగకుండా తెగితే ఆ కేబుల్ పని అయిపోయిందని చాలా చోట్ల గీత గీసుకున్నారు. చిక్కేమిటంటే, దీనికి కేబుల్‌ను కోయాలి. అది కుదరనప్పుడు కొన్ని మిల్లీగ్రాముల పొట్టు గీకి, అందులో ఆక్సిజన్‌ను అడ్డుకునే రసాయనం ఇంకా ఎంత మిగిలిందో ప్రయోగశాలలో చూస్తారు.

మరి మన ఎలక్ట్రీషియన్లందరి దగ్గరా ఉండే మెగ్గర్‌తో చూస్తే సరిపోదా? సరిపోదు. పెళుసుబారినా ఇంకా పగలని ఇన్సులేషన్ మెగ్గర్ పరీక్షలో బ్రహ్మాండంగా పాసవుతుంది. పగిలాకే తేడా చూపిస్తుంది. కేబుల్‌లోకి సంకేతం పంపి, ఎక్కడి నుంచి ప్రతిధ్వని వచ్చిందో బట్టి లోపం ఉన్న చోటును పట్టే పద్ధతులు వచ్చాయి. వందల మీటర్ల కేబుల్‌లో ఏ ముక్క చెడిందో అవి చెప్పగలవు.

తీర ప్రాంతానికి ఇంకో సమస్య: నీళ్లు

భూమిలో వేసిన కేబుళ్ల గురించి విడిగా చెప్పాలి. గొట్టాల్లో, మ్యాన్‌హోళ్లలో నీళ్లు నిలిస్తే మీడియం ఓల్టేజి కేబుళ్ల ఇన్సులేషన్‌లో చెట్టు వేళ్లలా సన్నని పాయలు పాకుతాయి. ఇంజినీర్లు వీటిని వాటర్ ట్రీలు అంటారు. పైకి ఏమీ కనిపించదు, ఒకరోజు పేలుతుంది. అమెరికా అణు నియంత్రణ సంస్థ ఎన్‌ఆర్‌సీ 2007లో అన్ని కేంద్రాలకూ లేఖ రాసి, భూగర్భ పవర్ కేబుళ్ల వైఫల్యాల వివరాలు అడిగింది. 104 రియాక్టర్ల నుంచి 269 వైఫల్యాలు లెక్క తేలాయి. చాలా వరకు 40 ఏళ్ల లైసెన్సు గడువు నిండక ముందే జరిగినవి.

హుద్‌హుద్, తిత్లీ చూసిన తీరం మనది. ఉప్పుగాలి, పై దాకా ఉండే భూగర్భ జలం, తుపాను వానలు. మ్యాన్‌హోళ్లలో నీళ్లు తోడే పంపులు, కేబుల్ గొట్టాల వాలు లాంటి మామూలు సివిల్ పనులు ఇక్కడ రియాక్టరు భద్రతలో భాగమే.

కొవ్వాడకు ప్రతిపాదించిన రియాక్టర్ల సంగతి?

ఏపీ-1000 రియాక్టర్లలో ప్రమాద సమయంలో పంపుల మీద కాకుండా గురుత్వాకర్షణ మీద, నీటి సహజ ప్రవాహం మీద ఆధారపడతారు. 72 గంటల దాకా బయటి కరెంటు గానీ ఆపరేటరు చేయి గానీ అక్కర్లేదని కంపెనీ చెబుతుంది. పాత డిజైన్లతో పోలిస్తే కంట్రోల్ కేబుళ్లు 80 శాతానికి పైగా తక్కువని కూడా అంటుంది. ఇది నిజంగా మెరుగే, కాదనలేం. కానీ తక్కువ అంటే లేవని కాదు. ఆ కొద్ది వాల్వులు తెరుచుకోవడానికీ, లోపల ఏం జరుగుతోందో చూడడానికీ కేబుళ్లు కావాలి.

పైగా డిజైన్ ఎంత మంచిదైనా బిగించేది మనుషులే. ఇదే రకం రియాక్టరు అమెరికాలోని జార్జియాలో, వోగ్టిల్ కేంద్రం మూడో యూనిట్‌గా కట్టారు. 2021లో ఎన్‌ఆర్‌సీ ప్రత్యేక తనిఖీ చేస్తే, భద్రతకు సంబంధించిన కేబుళ్ల మధ్య ఉండాల్సిన ఎడం పాటించలేదని తేలింది. మళ్లీ సరిచేయాల్సి వచ్చింది. ఆ యూనిట్ 2023 జులైలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టింది. నరోరా జరిగిన 28 ఏళ్లకు, ప్రపంచంలోని అత్యాధునిక డిజైన్‌లో, అదే ఎడం గొడవ!

మన దేశంలో ఎవరు చూస్తారు?

కేంద్రాన్ని నడిపే సంస్థదే మొదటి బాధ్యత. దాని మీద నిఘా 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, ఏఈఆర్‌బీది. నడిపే లైసెన్సును ఈ మండలి గరిష్ఠంగా ఐదేళ్ల చొప్పున ఇస్తూ, పదేళ్లకోసారి సమగ్ర భద్రతా సమీక్ష చేయిస్తుంది. పరికరాల వయసు సంగతి ఆ సమీక్షలో ఒక ముఖ్యమైన అంశం. 1969లో మొదలైన తారాపూర్ మొదటి రెండు యూనిట్లు ప్రపంచంలోనే పాత రియాక్టర్ల జాబితాలో ఉన్నాయి కాబట్టి వయసు లెక్కలు మన ఇంజినీర్లకు కొత్త కాదు.

ఇప్పుడే అడగాల్సింది ఏమిటి?

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఐఏఈఏ చర్చించే పద్ధతుల్లో ఒకటి 'కేబుల్ డిపాజిట్'. కట్టేటప్పుడే, రియాక్టరు లోపల అత్యంత వేడిగా, ఎక్కువ రేడియేషన్ ఉండే చోట, వాడే కేబుళ్లతో పాటు అదనపు ముక్కలు పెట్టి ఉంచుతారు. కొన్నేళ్లకోసారి ఒక ముక్క తీసి సాగదీసి చూస్తారు. పనిచేస్తున్న కేబుల్‌ను కోయకుండానే దాని వయసు తెలుస్తుంది. ముప్పయ్యో ఏట అయ్యో పెట్టి ఉంటే బాగుండేదే అనుకున్నా, గడిచిన ముప్పై ఏళ్ల వేడి కొత్త ముక్కకు రాదు. కొవ్వాడలో పునాదే పడలేదు కాబట్టి ఈ అవకాశం ఇంకా చేతిలోనే ఉంది. బిగించిన రోజునే ప్రతి రకం కేబుల్‌కూ తొలి కొలతలు తీసి దాచడం కూడా ఇలాంటిదే. మొదటి కొలత లేకపోతే ఇరవయ్యో ఏటి కొలతను దేనితో పోలుస్తారు?

పెద్ద ప్రాజెక్టుల పర్యావరణ అనుమతికి ముందు, 2006 నాటి నోటిఫికేషన్ ప్రకారం, కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతుంది. అక్కడ మాట్లాడొచ్చు, రాసి కూడా ఇవ్వొచ్చు. అది నేల, నీరు, గాలి మీద ప్రభావం చర్చించే వేదిక కాబట్టి కేబుళ్ల గురించి వివరమైన జవాబు వస్తుందని ఆశించకండి. కానీ అడిగినట్టు రికార్డులో ఉంటుంది. ఎన్‌పీసీఐఎల్‌కు, ఏఈఆర్‌బీకి సమాచార హక్కు దరఖాస్తును కేంద్ర ప్రభుత్వ ఆర్టీఐ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫోన్ నుంచే పంపొచ్చు. ఫీజు 10 రూపాయలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కేబుళ్లు ఏ గదిలో ఎటు వెళ్తాయని అడిగితే భద్రతా కారణాలు చూపి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కేబుల్ డిపాజిట్ పెట్టే ప్రణాళిక ఉందా, కేబుళ్ల అర్హత పరీక్ష ఎన్నేళ్లకు చేస్తారు, పదేళ్ల సమీక్షలో ఏ పద్ధతులు వాడతారు అని అడిగితే అందులో రహస్యమేమీ ఉండదు.